చూసినవాని బాధ్యత

"మన స్త్రీలను చంపుతున్నవి రెండే: అజ్ఞానమూ, సిగ్గూ" అని నేనొక కరపత్రంలో రాశాను. అది 2017 నాటి మాట. ఆ వాక్యం నాకెంతో నచ్చింది. సభలో చదివినప్పుడు చప్పట్లు కూడా పడ్డాయి. ఒక సాంఘిక దుస్థితిని రెండు మాటల్లో పట్టి ఇచ్చానన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. ఇప్పుడా వాక్యాన్ని వెనక్కు తీసుకుంటున్నాను. అందులో అబద్ధముందని కాదు. అందులో ఉన్న కొద్దిపాటి నిజం, అంతకంటె పెద్ద నిజాన్ని కప్పిపెట్టడానికి పనికివచ్చింది. కప్పిపెట్టినవాడిని నేనే.

నేను డాక్టరును కాను. రామగుండం బొగ్గు ప్రాంతంలో ముప్పయ్యేళ్ళు పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పి, రిటైరైన తర్వాత కూడా ఊరు విడిచి వెళ్ళలేక గోదావరిఖనిలోనే నిలిచిపోయినవాణ్ణి. కార్మికుల సభలకు కరపత్రాలు, పాటలు, తీర్మానాలు రాసిపెట్టడం నాకు అలవాటు. ఈ వ్యాసంలో వైద్యశాస్త్రం కొంత వస్తుంది. అది నేను చదివి, అడిగి తెలుసుకున్నది. దానిని ముందే తెలుసుకోవలసింది, ఆలస్యంగా తెలుసుకున్నాను. ఆ ఆలస్యమే నాచేత ఇది రాయిస్తున్నది.

గోదావరిఖని అన్న పేరులోనే గని ఉన్నది. 1960ల తొలినాళ్ళలో ఇక్కడ బొగ్గు తవ్వకం మొదలైంది. గని చుట్టూ క్వార్టర్లు, క్వార్టర్ల చుట్టూ బజారు, బజారు చుట్టూ గుడిసెలు వచ్చాయి. ఇక్కడ ఎవరూ గని అనరు, బాయి అంటారు. ఊరి కాలమంతా బాయి షిఫ్టులతోనే నడుస్తుంది. మొదటి షిఫ్టుకు అన్నం కట్టివ్వాలంటే ఇల్లాలు నాలుగింటికి లేవాలి. రెండో షిఫ్టు మనిషి ఇంటికి చేరేదాకా ఆమెకు నిద్ర లేదు. బాయికి పోయేవాడి పేరు మస్టర్లో ఉంటుంది. అతన్ని పంపించే మనిషి పేరు ఏ మస్టర్లోనూ ఉండదు.

ఐతే మస్టర్లో పేరున్నవానికి ఒక మేలున్నది. అతడు తనకు జబ్బుందని చెప్పకపోయినా అతని శరీరాన్ని పరీక్షించవలసిన విధి యజమానిమీద ఉన్నది. 1952 గనుల చట్టం కింద 1955లో వచ్చిన నిబంధనలు, పనిలో చేరేటప్పుడూ, ఆ తర్వాత ఐదేళ్ళకు మించని గడువుల్లోనూ కార్మికునికి వైద్యపరీక్ష జరగాలన్నాయి. ఊపిరితిత్తులకు ఎక్స్‌రే తీస్తారు, చెవులు, కళ్ళు చూస్తారు. బొగ్గుధూళి ఊపిరితిత్తులలో పేరుకోవడం మొదలైన ఎన్నో ఏళ్ళకుగాని దగ్గు రాదు గనుక, దగ్గు వచ్చేదాకా ఆగకుండా ముందే వెతకాలన్న జ్ఞానం ఆ నిబంధనల వెనుక ఉన్నది. ఆ జ్ఞానం దయవల్ల రాలేదు. దేశదేశాల గని కార్మికులు చచ్చి, సమ్మెలు కట్టి సంపాదించుకున్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతి ఆ చట్టం స్థానాన్ని తీసుకున్నా, ఉద్యోగిని పరీక్షించే బాధ్యతను యజమానిమీదనే ఉంచింది.

అదే 1952 చట్టానికి స్త్రీ శరీరం సంగతి తెలియకపోలేదు. భూగర్భంలో పనికి దించరాదని 46వ సెక్షను చెప్పింది. 2019లో దానికి కొన్ని సడలింపులు వచ్చాయి. అంటే గనులకు సంబంధించిన శాసనం స్త్రీ దేహాన్ని చాలాకాలం ఒక్క విషయంలోనే గుర్తించింది: దాన్ని దూరంగా ఉంచడంలో. కార్మికుని భార్యకు కంపెనీ ఆస్పత్రిలో వైద్యమున్నది; నొప్పి అని వస్తే చూస్తారు. ఆ సౌకర్యం చిన్నది కాదు, కాంట్రాక్టు కార్మికుని భార్యను అడిగితే దాని విలువ చెబుతుంది. కాని నొప్పి అని రావాలి. నొప్పి రాకముందే చూడవలసిన జబ్బు ఆమెకున్నదని శాసనానికి తోచలేదు.

అటువంటి జబ్బు ఉన్నది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. మావైపు గర్భసంచి క్యాన్సర్ అంటారు. 2022 సంవత్సరపు అంతర్జాతీయ అంచనాల ప్రకారం మనదేశంలో ఆ ఒక్క ఏడాదిలో 1,27,000 మందికి పైగా స్త్రీలకు ఇది వచ్చింది. 80,000 మంది దాకా చనిపోయారు. ఈ జబ్బుకు మూలం హ్యూమన్ పాపిలోమా వైరస్. క్లుప్తంగా హెచ్‌పీవీ అంటారు. దాంపత్య జీవితమున్న స్త్రీపురుషులలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది, చాలామందిలో ఒకటి రెండేళ్ళలో దానంతటదే పోతుంది. కొద్దిమందిలో పోకుండా నిలిచిపోయి, గర్భాశయ ముఖంలోని కణాలను పదేళ్ళు, పదిహేనేళ్ళు, ఒక్కొక్కప్పుడు ఇరవయ్యేళ్ళు తీసుకుని మారుస్తుంది. అంతకాలమూ నొప్పి లేదు, రక్తం లేదు. ఆ గడువులో పట్టుకుంటే, చెడిన పొరను వేడితో కాల్చడమో, సన్నని తీగతో కోసివేయడమో చిన్న పని, క్యాన్సర్ రానేరాదు. మానవుణ్ణి పట్టి పీడించే క్యాన్సర్లలో ఇంత ముందుగా, ఇంత తీరికగా మనకు అవకాశమిచ్చేది మరొకటి అరుదు.

పట్టుకునే మార్గాలలో పాతది పాప్ పరీక్ష. జార్జి పాపనికొలావ్ అనే గ్రీకు దేశస్థుడు న్యూయార్కులో కనిపెట్టాడు. గర్భాశయ ముఖం నుంచి కణాలను మెల్లగా గీకి, గాజుపలకమీద పూసి, రంగువేసి సూక్ష్మదర్శినిలో చూడడం. ఆయన పరిశోధనకు మొదటి నుంచీ తన శరీరాన్ని ఇచ్చింది ఆయన భార్యే. 1943లో ఆయన, హెర్బర్ట్ ట్రాట్ కలిసి వెలువరించిన గ్రంథం తర్వాత ధనిక దేశాలలో ఈ పరీక్ష వ్యాపించింది. ఏర్పాట్లు పకడ్బందీగా సాగిన చోట్ల ఈ జబ్బు చావులు పడిపోయాయి. ఐతే ఒకసారి చేస్తే చాలదు. కొన్నేళ్ళకొకసారి చేస్తూండాలి. పలకను చదవగల కన్ను కావాలి. కొత్తది హెచ్‌పీవీ పరీక్ష: కణం మారిందా అని కాక, మార్చగల వైరస్ ఉన్నదా అని చూస్తుంది. అది లేదని తేలిన స్త్రీకి మళ్ళీ కొన్నేళ్ళ వరకు దిగులు లేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021లో దీన్నే మొదటి పరీక్షగా వాడమన్నది. ముప్పయ్యేళ్ళ నుంచి మొదలుపెట్టి ఐదు నుంచి పదేళ్ళకొకసారి చాలునన్నది. ఈ రెండూ దొరకని చోట పలుచని వెనిగర్ ద్రవం పూసి కంటితో చూసే పద్ధతి ఉన్నది; 2016లో మన కేంద్ర ఆరోగ్యశాఖ 30 నుంచి 65 ఏళ్ళ స్త్రీలందరికీ ఐదేళ్ళకొకసారి జరగాలన్నది ఈ పరీక్షే. జరిగింది ఎంత? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30-49 ఏళ్ళ స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ జబ్బుకు పరీక్ష చేయించుకున్నామన్నవారు దేశం మొత్తంమీద నూటికి ఇద్దరైనా లేరు.

నా కరపత్రం ఈ ఇద్దరిని ఇరవైమంది చేద్దామన్న ఉత్సాహంలో పుట్టింది. బయటినుంచి వచ్చిన ఒక సంస్థ మా కాలనీ పక్కన ఒకరోజు శిబిరం పెట్టింది. పాప్ పరీక్షలు చేస్తామన్నారు. స్త్రీలను పోగుచేసే పని మామీద పెట్టారు. ముందురోజు సాయంత్రం సభ జరిగింది. నేను కరపత్రం చదివి, మూఢత్వాన్ని ఖండించి, విజ్ఞానాన్ని పొగిడి కూర్చున్నాను. అప్పుడు వెనక వరసలో నుంచి ఒక ముసలామె లేచింది. మొగుడు బాయిలో పనిచేసి పోయినవాడు, కొడుకు కాంట్రాక్టు పనిలో ఉన్నాడు.

"సార్, మీరు సెప్పింది మంచిగనే ఉన్నది. సూత్తరు. సూసినంక ఏం చేత్తరు?"

నేను లేచి మళ్ళీ ఉపన్యసించాను. తొందరగా గుర్తిస్తే నయమవుతుందని, భయపడవద్దని, సైన్సు ఎంతో పెరిగిందని చెప్పాను. ఆమె అంతా విని, "అది కాదు సార్, మీరు ఏం చేత్తరు?" అన్నది. పక్కవాళ్ళు నవ్వి ఆమెను కూర్చోబెట్టారు. నేనూ నవ్వాను. ఆమె ప్రశ్నలోని కర్త ఎవరో తెలుగు పంతులునైన నాకు ఆనాడు అర్థం కాలేదు.

శిబిరానికి మా ఎదురు క్వార్టరులోని అక్క రానన్నది. నాకంటె ఏడాది పెద్దదేమో, అక్కా అనే పిలిచేవాణ్ణి. ఆమె కూతురు నా దగ్గరే చదువుకున్నది. "నాకేం బాధ లేదు తమ్మీ, లేనిపోనిది ఎందుకు?" అంటే, నేను ఆమె కూతురితో చెప్పించి, కూతురు ముందు నడిచి, చివరికి పంపించాను. నెల దాటిన తర్వాత కాగితాలు ఒక కట్టగా వచ్చాయి. శిబిరంవాళ్ళు రాలేదు, కాగితాలే వచ్చాయి. అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చదివి చెప్పమని అందరూ నా దగ్గరికే తెచ్చారు. అక్క కాగితంలో నాలుగు పొడి అక్షరాలున్నాయి, హెచ్.ఎస్.ఐ.ఎల్. అని. కింద కాల్పోస్కోపీ అన్న మాట ఒకటి ఉన్నది. క్యాన్సర్ అన్న మాట కోసం కాగితమంతా రెండుసార్లు వెతికాను. లేదు. "క్యాన్సర్ అని ఎక్కడా రాయలేదక్కా, ధైర్యంగా ఉండు" అన్నాను. ఆమె ఆ కాగితాన్ని మడిచి, దేవుని పటం వెనుక పెట్టింది.

ఆ నాలుగు అక్షరాల అర్థం, కణాలు బాగా మారిపోయినవి, వెంటనే దుర్భిణి వంటి పరికరంతో చూచి చికిత్స చేయాలి, అని. క్యాన్సర్ అని రాయరు. ఎందుకంటే ఇంకా క్యాన్సర్ కాదు, కాకుండా ఆపడానికే ఆ పరీక్ష. నేను ఏ మాట లేదని ధైర్యం చెప్పానో, ఆ మాట లేకపోవడమే తొందరపడవలసిన కారణం. నాలుగేళ్ళ తర్వాత ఆమెకు రక్తం కనిపించింది. ముట్లుడిగి ఎన్నో ఏళ్ళయిన మనిషి. హైదరాబాదులో రేడియేషన్ ఇచ్చారు. ఏడాది గడవకముందే పోయింది. ఆ కాగితాన్ని దేవుని పటం వెనక నుంచి తీసి, హైదరాబాదు డాక్టరుకు చూపించినప్పుడు ఆయన ఏమీ అనలేదు. తేదీ చూచి మళ్ళీ మడిచి ఇచ్చాడు.

వెంటనే చికిత్స జరిగివుంటే తప్పక బ్రతికేదని నేను ప్రమాణం చేయలేను. కాని నేను అడగదలచుకున్న ప్రశ్న వేరు. బాధ లేదన్న మనిషిని పిలిచి, ఒప్పించి, బలవంతపెట్టినంత పనిచేసి, ఆమె శరీరంలోకి మనం చూశాము. రోగి తానుగా వచ్చి వైద్యుణ్ణి అడగడం ఒకటి. వైద్యుడే ఆరోగ్యవంతుల ఇంటి తలుపు తట్టడం మరొకటి. మొదటి దానిలో అడిగినవాడు రోగి. రెండవ దానిలో అడిగినవాళ్ళం మనం. ఎవరు అడిగారో వారిమీద మాట నిలుపుకునే భారం పడుతుంది. ముసలామె అడిగిన "మీరు" ఇదే.

ఇక్కడ ఒక తొందరపాటు వాదన వస్తుంది. పూర్తి ఏర్పాట్లు లేనప్పుడు అసలు చూడకపోవడమే నయం గదా, అని. ఈ వాదన వినడానికి నిజాయితీగా ఉంటుంది. పేదల దేశంలో దాని ఫలితం ఏమిటో కొంత చరిత్ర చెబుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాదు జిల్లా పల్లెలలో 1999లో ఒక పెద్ద ప్రయోగం ప్రారంభమైంది. 30-59 ఏళ్ళ స్త్రీలు 1,31,746 మందిని నాలుగు భాగాలు చేశారు. ఒక భాగానికి హెచ్‌పీవీ పరీక్ష, ఒక భాగానికి పాప్ పరీక్ష, ఒక భాగానికి వెనిగర్ పరీక్ష. నాలుగో భాగానికి పరీక్ష లేదు, మామూలుగా దొరికే వైద్యమే. 2009లో ఫలితాలు వెలువడ్డాయి. ఒక్కసారి హెచ్‌పీవీ పరీక్ష జరిగిన భాగంలో ఈ జబ్బుతో పోయినవారు 34 మంది, ఏ పరీక్షా లేని భాగంలో 64 మంది. ఒక్కసారే చేసిన పాప్ పరీక్షవల్లగాని, వెనిగర్ పరీక్షవల్లగాని చెప్పుకోదగినంత తగ్గుదల తేలలేదు. హెచ్‌పీవీ పరీక్ష గొప్పదనం లోకానికి గట్టిగా తెలిసింది ఆ 64 మంది పక్కన ఆ 34 మందిని నిలిపి లెక్కించడంవల్లనే.

నాలుగో భాగం న్యాయమా అని తరువాత పెద్ద వివాదం చెలరేగింది. సమర్థించినవారి వాదన ఇది: ఆ పల్లెల్లో ఎవరికీ ఎప్పుడూ ఏ పరీక్షా జరిగింది లేదు, కాబట్టి మేమెవరినుంచీ ఏదీ లాక్కోలేదు. తర్కంలో దీనిని కొట్టివేయడం సులభం కాదు. కాని దారిద్ర్యాన్నే కొలబద్దగా పెట్టుకుని, దానికన్న తక్కువ చేయలేదు గదా అనడంలో ఎంత నిర్దయ ఉన్నదో ఆలోచించండి. పాప్ పరీక్ష అప్పటికే అర్ధశతాబ్దం నాటిది. అమెరికాలోనైతే ఏ భాగాన్నీ అట్లా వదలివేసేవారు కారు. ఇంతా చెప్పి, ఆ ప్రయోగ ఫలితాన్ని నేనీ వ్యాసంలో వాడుకుంటున్నాను. వాడుకోకుండా హెచ్‌పీవీ పరీక్ష కావాలని అడగలేను. ఈ ఇబ్బందిని దాచుకోవడం నాకిష్టం లేదు.

ఉస్మానాబాదులో జరిగింది తెలిసీ చూడకపోవడం. చూచీ ఊరుకోవడానికి కూడా మనదేశంలో ఉదాహరణ ఉన్నది. ఢిల్లీలో 1976 నుంచి 1988 వరకు భారత వైద్య పరిశోధన మండలికి చెందిన సంస్థ, గర్భాశయ ముఖంలో కణాలు మారిన 11 వందలమందికి పైగా స్త్రీలను, ఎందరికి ముదురుతుందో తెలుసుకోవడానికి చికిత్స చేయకుండా గమనిస్తూ వచ్చింది. 1997లో ఆ సంగతి రచ్చకెక్కింది. దానితో పోల్చి నా తప్పు చిన్నదనుకోవడానికి మనసు లాగుతుంది. వాళ్ళు తెలిసి ఊరుకున్నారు, నేను తెలియక ఊరుకున్నాను. అక్కకు ఈ తేడావల్ల ఏమి ఒరిగింది?

మా బాయిలో ఈ సమస్యకు ఎప్పుడో తీర్పు జరిగిపోయింది. మైనింగ్ సర్దార్ అనే ఉద్యోగి ఉంటాడు. మనుషులు పనిస్థలానికి చేరకముందే అతడు దీపంతో గ్యాసు చూస్తాడు. కర్రతో పైకప్పును తట్టి చప్పుడు వింటాడు. గట్టి చప్పుడైతే మంచిది, డొల్ల చప్పుడైతే పైపొర విడిపోయిందన్నమాట. డొల్ల చప్పుడు విన్న సర్దార్ ఏం చేయాలి? మనుషులను ఆపాలి, అడ్డం కట్టాలి, వదులు రాయిని దించడమో కింద దుంగలు నిలబెట్టించడమో చేయాలి, పుస్తకంలో రాసి సంతకం పెట్టాలి. చప్పుడు విని, చీటీమీద డొల్ల అని ఇంగ్లీషులో రాసి, బొగ్గు నింపేవాని చేతిలో పెట్టి, పైకి వచ్చేసిన సర్దార్‌ను ఎవరైనా ఊహించగలరా? అట్టివానిని గని ప్రమాద విచారణలో నిలబెడతారు. పైకప్పు కూలిందన్న నేరానికి కాదు. తట్టి చూచి వదలివేసినందుకు. కార్మికుని నెత్తిమీది రాయికి వర్తించే నీతి, కార్మికుని భార్య గర్భానికి ఎందుకు వర్తించదు?

ఇక సిగ్గు విషయం. ఇందులో నేను చేసిన అన్యాయం ఎక్కువ. 1842లోనే ఇటలీలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా నగరపు మరణాల లెక్కలు తీసి, గర్భాశయ క్యాన్సర్ వివాహితలలో ఎక్కువ, సన్యాసినులలో తక్కువ అని చూపించాడు. ఆ లెక్క విలువైనది. కాని దానిమీద నూరేళ్ళకు పైగా ఎందరో పెద్దమనుషులు నీతిశాస్త్రం కట్టారు. వైరస్ దొరికిన తర్వాత కూడా ఆ నీతిశాస్త్రం చావలేదు. హెచ్‌పీవీ ఉన్నదని తేలితే, ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మొట్టమొదట ఆమె మీదికే వస్తుంది. భర్త తప్ప వేరు పురుషుణ్ణి ఎరుగని స్త్రీకి కూడా అది భర్తనుంచి రావచ్చు. పెళ్ళయిన కొత్తలో వచ్చి ఇరవయ్యేళ్ళకు బయటపడవచ్చు. అది నడతకు సాక్ష్యం కాదు. ఈ పనికి మగవానికి మామూలుగా చేసే పరీక్ష ఏదీ లేదు గనుక అతనిది ఎప్పుడూ ఖాళీ కాగితమే. గోడకు గోడ ఆనుకున్న క్వార్టర్లలో, ఒక ఇంటి దగ్గు మరొక ఇంటికి వినిపించే చోట, ఆ ఫలితంతో ఇంటికి పోవలసిన స్త్రీ వెనుకాడితే దానికి సిగ్గు అని పేరు పెట్టాను. ఆమె చేస్తున్నది లెక్క. తేలితే ఇల్లు ఏమవుతుంది, తేలకపోతే ప్రాణం ఏమవుతుంది అని.

ఆమె లెక్కలో ఇంకొక అంకె ఉన్నది. మన రెండు తెలుగు రాష్ట్రాలు గర్భసంచి తీసివేసే ఆపరేషన్లలో దేశంలో ముందు వరసలో ఉన్నాయని అదే కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ముప్పై, ముప్పై అయిదేళ్ళకే తీయించుకున్నవారు మా వీధిలోనే ఉన్నారు. తెల్లబట్ట అవుతున్నదని పోతే, ఉంచుకుంటే క్యాన్సర్ వస్తుందని భయపెట్టి తీసిన సంగతులు మావైపు కథలు కథలుగా చెబుతారు. రెండు నిమిషాల పరీక్ష నూటికి ఇద్దరికైనా అందని దేశంలో, ఆ జబ్బు పేరు చెప్పి ఆపరేషన్ మాత్రం ఇట్టే అందుతున్నది. "సూసుడంటే సంచి తీసుడే గదా" అని ఒకామె నాతో అన్నప్పుడు అది అజ్ఞానమని రాసుకున్నాను. అది ఆమె చూచిన ప్రపంచం గురించిన జ్ఞానం.

సమ్మతి అన్న మాటను కూడా ఇదే వెలుగులో చూడాలి. మా గనుల ముఖ్యకార్యాలయమున్న కొత్తగూడెంలోనూ, భద్రాచలం, తిరుమలాయపాలెం మండలాలలోనూ 2009లో పది నుంచి పధ్నాలుగేళ్ళ ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని. చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండే పిల్లలు. కొందరు పిల్లలు చనిపోవడంతో అలజడి రేగి, 2010 ఏప్రిల్‌లో ఆపివేశారు. ఆ చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఈ మాట స్పష్టంగా చెప్పాలి, టీకా మంచిదే. కాని 2013 పార్లమెంటరీ స్థాయీసంఘం నివేదికలో అంగీకార పత్రాల లెక్క ఉన్నది: 9,543 పత్రాలలో 2,763 మీద సంతకం పెట్టినది హాస్టల్ వార్డెన్లు. తల్లిదండ్రుల బదులు వార్డెన్ పెట్టిన సంతకానికీ, అక్క బదులు నేను ఆమె కూతురితో చెప్పించి తెచ్చిన ఒప్పుదలకూ మధ్య దూరం ఎంత? మంచికోసమే అన్నది ఇద్దరి సమాధానమూను.

శ్రామికుని భార్య దేహంనుంచి లోకం తీసుకోవడం కొత్త కాదు. 1951లో అమెరికాలోని బాల్టిమోరులో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ఈ జబ్బుతోనే మరణించింది. భర్త ఉక్కు కార్ఖానా కార్మికుడు. ఆమెను అడగకుండా తీసిన కణాలు ప్రయోగశాలలలో చావు లేకుండా పెరుగుతూ ప్రపంచమంతా వ్యాపించాయి. జర్మనీలో హరాల్డ్ జుర్ హౌసెన్ పరిశోధనశాల ఈ వైరస్‌లోని 18వ రకాన్ని ఆ కణాలలో కూడా గుర్తించింది. ఆయనకు 2008లో నోబెల్ బహుమానం వచ్చింది. ఆ కణాలతో లాభం చేసుకున్న ఒక కంపెనీ 2023లో ఆమె వారసులతో రాజీకి వచ్చింది. డెబ్భై రెండేళ్ళు పట్టింది.

కొత్త పరీక్షలో నాకు ఆశ కలిగించే గుణం ఒకటున్నది. హెచ్‌పీవీకి కావలసిన నమూనాను స్త్రీ తానే, తలుపు వేసుకుని, చిన్న పుల్లకు చుట్టిన దూదితో తీసుకోవచ్చు. హైదరాబాదు పక్కన మేడ్చల్ ప్రాంతపు పల్లెలలోనే ఇది పరిశీలించి, ఫలితాలు 2009లో ప్రచురించారు. మన తెలుగు స్త్రీలు చేయలేరన్న మాట అప్పుడే పోయింది. అపరిచితుని ముందు కాళ్ళు చాపవలసిన అవస్థ మొదటి మెట్టులోనే తప్పుతుంది. ఐతే యంత్రం మారినంత మాత్రాన మాట మారదు. దూదిపుల్ల ఇచ్చినవాడు ఫలితం చెప్పాలి, ఆమె భాషలో చెప్పాలి, ఆమెకు మాత్రమే చెప్పాలి. తేలితే పాప్ పరీక్షకో, కాల్పోస్కోపీకో ఏ రోజు, ఎక్కడికి, ఎవరి వెంట వెళ్ళాలో చెప్పాలి. రాకపోతే ఎందుకు రాలేదో ఇంటికి వచ్చి అడగాలి. ఈ పని చేసే మనిషికి జీతం ఉండాలి. ఆశా కార్యకర్తల గౌరవ వేతనం మీద ఇంతపని మోపి, శిబిరం ఫొటోలు పత్రికకు పంపడాన్ని నేను సేవ అనలేను.

మన సాహిత్యం సంగతి కూడా ఒకమాట. బొగ్గు ప్రాంతం గురించి నేను రాసిన పాటలలో పైకప్పు కూలింది, గ్యాసు అంటుకున్నది, కార్మికుడు నేలకొరిగాడు. అతని భార్య గడప దగ్గర నిలబడి ఏడ్చింది. ప్రతి పాటలోనూ ఆమె గడప దగ్గరే ఉన్నది. ఆమె శరీరానికి కూడా ఒక చరిత్ర ఉన్నదని, అక్కడ కూడా ఏళ్ళ తరబడి ఒక పొర విడిపోతున్నదని నా కలానికి తట్టలేదు. కరపత్రం రాసినప్పుడు తట్టింది; కాని తప్పు ఆమెదే అని రాశాను.

కరీంనగర్‌లో 2023 మార్చి 8న ఆరోగ్య మహిళ అనే పథకం మొదలైంది, మంగళవారాలు స్త్రీల కోసమని. అక్క కూతురికి ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు. ఇద్దరు పిల్లలు, యైటింక్లైన్ కాలనీలో ఉంటుంది. పోయిన దసరాకు ఇంటికి వచ్చింది. నేనే ఏదో మొదలుపెట్టబోతే, "నేను పరీక్ష చేయించుకుంటున్న సార్, మంగళారం పోతున్న" అన్నది. నేను తోడు వస్తానన్నాను. కాసేపు ఊరుకున్నది.

"వద్దు సార్. కాయితం సుత మీరు సదవకుండ్రి. అక్కడి నర్సమ్మనే సదివి చెప్పాలె, చెప్పకుంటే నేను ఆడనే కూసుంట."

ఆ మంగళవారం వెళ్ళింది. ఫలితానికి మళ్ళీ ఎప్పుడు రావాలో వాళ్ళు నోటితో చెబితే ఒప్పుకోలేదట; తేదీ, రావలసిన గది, అడగవలసిన మనిషి పేరు తెలుగులో రాయించుకుని వచ్చింది. ఆ చీటీని నాకు దూరంనుంచే చూపించింది.